కనికరం – విశ్వాసానికి స్పర్శజ్ఞానం

క్రైస్తవ ధర్మాన్ని గురించి వ్రాయబూనినవారు సాధారణంగా ప్రేమను గురించి వ్రాస్తారు. ప్రేమ అన్నది చాల పెద్ద మాట. అందులో అన్నీ ఇముడుతాయి. అన్నీ ఇమిడినందువల్లనే ఒక్కొక్కప్పుడు అందులో ఏదీ స్పష్టంగా కానరాదు. అందుచేత ఈ సంచికలో మేము ప్రేమకు కాళ్ళూ చేతుల వంటిదైన కనికరాన్ని గురించి వ్రాయదలచాము. క్రైస్తవుడు తన విశ్వాసంలో కనికరానికి ఎట్టి స్థానమిస్తాడు? అది విశ్వాసానికి అలంకారమా, లేక ప్రాణమా? ఇదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే చెట్టు నీడన కూర్చుని చదువుకునే మన కళాశాలలో ఈ ప్రశ్న ఒక మతం వారికే పరిమితం కాదని మా నమ్మకం. కాగా, దీనికి సమాధానం వెదకుతున్నప్పుడు మా స్వంత లోపం ఒకటి మాకే ఎదురుపడింది. దానిని కూడా దాచక చివర చెప్పుకుంటాము.

ముందుగా మాటలను పరిశీలిద్దాము. ఒక జాతి తన మాటలలో భద్రపరచుకున్న అనుభవం ఒక్కొక్కసారి పెద్ద గ్రంథాలలో కూడా దొరకదు. పాత నిబంధనలోని అత్యధిక భాగం హీబ్రూ భాషలో వ్రాయబడింది. అందులో కనికరానికి వాడిన ముఖ్యమైన మాటలలో ఒకటి ‘రహమీమ్’. ఆ భాషలో ‘రెహెమ్’ అనగా తల్లి గర్భం. కన్నబిడ్డను చూచినప్పుడు తల్లిలో కలిగే ఆర్ద్రతకూ, కనికరానికీ ఉన్న చుట్టరికాన్ని ఆ భాష ఈ విధంగా గుర్తించింది. అరబ్బీ భాష హీబ్రూకు తోబుట్టువు వంటిది. అందులోనూ గర్భాన్ని తెలిపే మాట, దయను తెలిపే మాట ఒకే ధాతువు నుండి పుట్టాయి. మన ఉర్దూ మిత్రులు నిత్యం పలికే ‘రహమ్’, ‘రహమత్’ అనే మాటలు ఆ ధాతువు నుండి వచ్చినవే. ఖురానులోని 114 సూరాలలో ఒక్కటి తప్ప తక్కినవన్నీ దేవుని ‘రహ్మాన్’, ‘రహీమ్’ అనే నామాలతో ఆరంభమవుతాయన్నది వారికి మేము చెప్పనక్కరలేదు.

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడింది. అందులో ‘కనికరపడుట’ అనే అర్థంలో వాడిన ఒక క్రియ ప్రేగులను తెలిపే నామవాచకం నుండి ఏర్పడింది. ఈ సంగతి వినగానే పరభాషలవారు కొందరు ఆశ్చర్యపడవచ్చును గాని, తెలుగువారికి ఇందులో వింతయేమీ లేదు. ‘ఆ పసివాణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోయింది’ అని మన పల్లెల్లోని అవ్వలు అనడం మనం వినలేదా? ‘కడుపుతీపి’ అనే మాట మనకు లేదా? రెండువేల సంవత్సరాల క్రిందట గ్రీకు భాషలో సువార్తలు వ్రాసినవారూ, అక్షరం ముక్క రాని మన అవ్వా కనికరాన్ని దేహంలో ఒకే చోట గుర్తించారు. సువార్తలలో ఈ క్రియ యేసుక్రీస్తును గురించి గాని, ఆయన చెప్పిన ఉపమానాలలోని వ్యక్తులను గురించి గాని మాత్రమే కనబడుతుంది. దీనినిబట్టి మనకు తెలిసేదేమనగా, కనికరం ఆలోచించి ఏర్పరచుకునే అభిప్రాయం కాదు. అది కూర్చున్నవానిని కూర్చోనీయక లేపే కదలిక.

అయితే కడుపు తరుక్కుపోయినంత మాత్రాన కనికరం పూర్తి అవుతుందా? ఈ సందేహానికి సమాధానం లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానంలో ఉన్నది. ధర్మశాస్త్రం ఎరిగిన ఒకడు యేసును శోధింపగోరి, తన పొరుగువాడెవరని అడుగుతాడు. అందుకు ఆయన ఒక కథ చెబుతాడు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉన్న పట్టణం. ఈ రెంటి నడుమ దారి ముప్పది కిలోమీటర్లకు లోపే. అంత కొద్ది దూరంలో వేయి మీటర్లు దిగే ఆ కొండదారి నిర్జనమైనది, దొంగలకు అనువైనది. ఆ దారిన పోతున్న ఒక మనిషిని దొంగలు కొట్టి, బట్టలు ఊడదీసి, కొనప్రాణంతో విడిచిపోయారు. ఒక యాజకుడు వచ్చి చూచి ప్రక్కగా తప్పుకుపోయాడు. ఒక లేవీయుడును అట్లే చేశాడు. వీరిద్దరూ దేవాలయ సేవకు సంబంధించినవారన్నది గమనింపదగిన విషయం. పిమ్మట ఒక సమరయుడు వచ్చాడు.

సమరయులకూ యూదులకూ నడుమ ఉన్న వైరం మనకు పూర్తిగా అర్థమైతే గాని ఈ ఉపమానంలోని వాడి తెలియదు. యూదులు యెరూషలేములో ఆరాధించేవారు; సమరయులకు గెరిజీము కొండ పవిత్రమైనది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం చివరి భాగంలో యూదుల పాలకుడైన జాన్ హిర్కానస్ ఆ కొండ మీది సమరయుల ఆలయాన్ని నేలమట్టం చేశాడు. ఒకరి గ్రామంలో ఒకరు నీరు త్రాగడానికి కూడా సంకోచించే రోజులవి. అటువంటి సమరయుడు పడిఉన్న మనిషిని చూచి కనికరపడ్డాడని చెప్పి యేసు ఊరకుండలేదు. అతడేమి చేశాడో ఒక్కొక్కటిగా చెప్పాడు. దగ్గరకు పోయాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు. అనగా తాను దిగి నడిచాడు. సత్రానికి తీసుకుపోయి ఆ రాత్రి దగ్గరుండి చూచుకున్నాడు. మరునాడు సత్రం యజమానికి రెండు దేనారములు ఇచ్చాడు. ఒక దేనారము అప్పటి కూలివాని దినవేతనం. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. కనికరానికి ఇంతకంటె స్పష్టమైన జమాఖర్చు పట్టిక మరెక్కడా మాకు కనబడలేదు. సమయం, శ్రమ, సొమ్ము, వాహనం, నిద్ర, తిరిగి వచ్చే బాధ్యత – ఇవన్నీ అందులో చేరాయి.

కథ ముగించి యేసు ప్రశ్ననే తిరగవేశాడు. నా పొరుగువాడెవరని శాస్త్రి అడిగాడు. దొంగల చేత చిక్కినవానికి ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడని యేసు అడిగాడు. మొదటి ప్రశ్న ఒక గీత గీయడానికి ఉపయోగపడుతుంది: గీతకు లోపల ఉన్నవారికి సహాయం, వెలుపల ఉన్నవారికి నమస్కారం. రెండవ ప్రశ్నలో గీతకు చోటు లేదు. అక్కడ మిగిలేది పడిఉన్న మనిషి, మన రెండు కాళ్ళు మాత్రమే. ఆ శాస్త్రి జవాబు చెబుతూ సమరయుడన్న పేరు ఉచ్చరించలేక, జాలి చూపినవాడని మాత్రమే అన్నాడు. ఎంత చదువుకున్నా నోరు తిరగని మాటలు కొన్ని మనకూ ఉంటాయి కదా!

రెండవ దృష్టాంతం మార్కు సువార్త 1వ అధ్యాయంలోనిది. కుష్ఠరోగి ఒకడు యేసు వద్దకు వచ్చి మోకరించాడు. బైబిలులో ఆ పేరున చెప్పబడినది నేటి వైద్యులు చెప్పే కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. పలురకాల చర్మవ్యాధులు ఆ మాటలో చేరి ఉండేవి. ఏది ఏమైనా లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం అట్టివాడు చిరిగిన బట్టలతో, తాను అపవిత్రుడనని తానే చాటుకుంటూ పాళెం వెలుపల ఒంటరిగా నివసించవలసి ఉండేది. యేసు అతనిని ఒక్క మాటతో బాగుచేయగలిగి ఉండి కూడా చేయి చాపి ముట్టుకున్నాడు. స్వస్థత కంటె ముందు స్పర్శ కలిగింది. ఎన్ని సంవత్సరాలుగా ఏ మనిషి చేయీ తగలని ఆ దేహానికి మొదట కావలసిన ఔషధం అదేనేమో! ఆ కథ చివరి భాగాన్ని చాలమంది గమనించరు. స్వస్థుడైన మనిషి ఊరిలోనికి పోయి ఈ సంగతి చాటినందువలన, యేసు బహిరంగంగా పట్టణంలో ప్రవేశింపలేక వెలుపల అరణ్యప్రదేశాలలో ఉండవలసి వచ్చింది. వెలుపల ఉన్నవాడు లోపలికి పోయాడు. లోపల ఉన్నవాడు వెలుపలికి వచ్చాడు. కనికరపడేవాడు కొంత మూల్యం చెల్లించక తప్పదని ఈ కథ తెలుపుతున్నది.

ఇక్కడ వైద్యశాస్త్రం మనకు ఒక గొప్ప పాఠం నేర్పుతున్నది. తమిళదేశంలోని కొల్లిమలై కొండలలో 1914లో జన్మించిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి, కుష్ఠువ్యాధి వలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేయడం ఆరంభించారు. ఆ వ్యాధి వలన మాంసం కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని అంతవరకు చాలమంది నమ్మేవారు. బ్రాండ్, ఆయన సహచరులు పరిశీలించి తెలిసికొన్నది వేరు. వ్యాధి నరాలను చెరుపుతుంది. నరాలు చెడిపోగా నొప్పి తెలియదు. నొప్పి తెలియనందున రోగి వేడి గిన్నెను వట్టి చేతితో దించుతాడు, ముల్లు గుచ్చుకున్నా నడుస్తాడు, నిద్రలో ఎలుక కొరికినా మేలుకోడు. గాయం మీద గాయమై, పుండ్లు ముదిరి, వేళ్ళు క్రమంగా అరిగిపోతాయి. కాబట్టి నొప్పి శత్రువు కాదు. అది శరీరాన్ని కాపాడే కావలివాడు. నొప్పి అనే వరం పోయినప్పుడు చేయి తనను తాను పోగొట్టుకుంటుంది.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో విశ్వాసుల సమాజాన్ని ఒక దేహంతో పోల్చాడు. ఒక అవయవం బాధపడితే తక్కిన అవయవాలన్నీ దానితోకూడ బాధపడతాయన్నది ఆయన భావం. బ్రాండ్ తెలిసికొన్న సత్యాన్ని దీని ప్రక్కన పెట్టి చూడండి. కనికరమనగా సమాజదేహంలోని నొప్పి తెలిసే నరం. అది మొద్దుబారితే పైకి ఏ మార్పూ కనబడకపోవచ్చు. ప్రార్థనలు జరుగుతాయి, పండుగలు జరుగుతాయి, గంటలు మ్రోగుతాయి. కాని లోలోపల వేళ్ళు అరిగిపోతూ ఉంటాయి. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో, బట్టలేక ఆకలితో ఉన్నవానికి ఏమీ ఇవ్వకుండా చలి కాచుకొమ్మని, కడుపునిండ తినుమని దీవించి పంపే విశ్వాసాన్ని మృతమైనదన్నాడు. మేము అనుకునేదేమనగా, ఆ విశ్వాసం మొదట స్పర్శ కోల్పోయింది, తరువాత మరణించింది. కనికరం విశ్వాసానికి అలంకారమా అన్న మా మొదటి ప్రశ్నకు ఇదే సమాధానం. అది విశ్వాసానికి స్పర్శజ్ఞానం.

చరిత్రలో ఈ స్పర్శజ్ఞానం మేలుకొన్న ఘట్టాలు కొన్ని కలవు. నేటి టర్కీ దేశంలోని కైసేరి నగరానికి పూర్వనామం కైసరియ. 4వ శతాబ్దంలో అక్కడ గొప్ప కరువు వచ్చినప్పుడు బసిలు అనే మతగురువు ధాన్యం దాచుకున్న ధనవంతులను మందలిస్తూ ప్రసంగించి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టించాడు. అటుపిమ్మట ఆయన నగరం వెలుపల రోగులకు, దరిద్రులకు, బాటసారులకు ఆశ్రయంగా ఒక పెద్ద సముదాయం నిర్మించాడు. కుష్ఠరోగులకు కూడా అందులో స్థానం ఉండేది. చరిత్రలోని తొలి ఆస్పత్రులలో ఒకటిగా దానిని చరిత్రకారులు లెక్కిస్తారు.

అంత దూరం పోనక్కరలేదు. మన నిజామాబాదుకు సమీపంలోనే డిచ్‌పల్లి ఉన్నది. స్కాట్లండుకు చెందిన ఇసబెల్ కెర్ 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొంది, 1907లో భర్త రెవరెండ్ జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. కుష్ఠువ్యాధిగ్రస్తులను ఎవరూ దరిచేరనీయని దినాలవి. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన ధనసహాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి ఆస్పత్రి వెలిసింది. ఇక్కడ కొంత ఆగి ఆలోచించాలి. ముస్లిం ప్రభువు పాలనలో ఉన్న రాజ్యం. హిందువు ఇచ్చిన సొమ్ము. క్రైస్తవ వైద్యురాలి చేతులు. మంచం మీది రోగికి ఈ మూడింటిలో ఏది ఎవరిదో విడదీసి చూడవలసిన అవసరమేమున్నది? చాల్‌మోగ్రా జాతి చెట్ల గింజల నూనెను సూదిమందుగా ఇవ్వడం తప్ప అప్పట్లో చెప్పుకోదగిన చికిత్స లేదు. అయినను ఆశ్రయమిచ్చి చావు కొరకు ఎదురుచూడడం గాక, చికిత్స చేసి ఇంటికి పంపాలన్న పట్టుదలతో ఆమె పనిచేశారు.

నేడు పరిస్థితి ఎంతో మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వలన ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరంలోగా ఈ వ్యాధి నయమవుతుంది. మందులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఉచితం. అత్యధికుల శరీరాలకు ఈ క్రిమిని తట్టుకునే శక్తి సహజంగానే ఉన్నది. చికిత్స ఆరంభించినవారి నుండి వ్యాధి ఇతరులకు సోకదు. రోగులను నిర్బంధించడానికి ఏర్పడిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు కోరే వీలును పార్లమెంటు 2019లో హిందూ, ముస్లిం, క్రైస్తవ వివాహచట్టాలన్నింటి నుండి తొలగించింది. మందు వచ్చింది, చట్టం మారింది. మారవలసినది మిగిలి ఉన్నదెక్కడ? మన చేతులలో.

కనికరం పేరిట జరిగే పొరపాట్లను కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. కనికరం ఒక్కొక్కప్పుడు ఎత్తైన అరుగు మీద నిలిచి క్రిందికి వంగి చూస్తుంది, పుచ్చుకునేవానిని చిన్నబుచ్చుతుంది. ఒక్కొక్కప్పుడు నాలుగు అరటిపండ్లు పంచి నలభై ఛాయాచిత్రాలు తీయించుకుంటుంది. ధర్మం చేసేటప్పుడు బాకా ఊదించుకోవద్దని యేసు కొండమీది ప్రసంగంలో హెచ్చరించాడు. మరికొన్నిసార్లు సహాయానికి బదులుగా ఎదుటివాని విశ్వాసాన్నే వెలగా అడగడం జరుగుతుంది. సమరయుడు ఆ గాయపడినవానిని గెరిజీము కొండకు రమ్మని అడగలేదన్న సంగతిని క్రైస్తవులమైన మేము మరువరాదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పుదృశ్యంలో, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన నీతిమంతులు తాము ప్రభువుకు ఎప్పుడు అన్నం పెట్టామని ఆశ్చర్యంతో అడుగుతారు. తాము చేసినది గొప్ప కార్యమని వారికి తెలియనే తెలియదు. మేలైన కనికరానికి అదే గుర్తు.

ఇప్పుడు మా లోపం. మన కళాశాల గేటు ముందు గంపలో జామకాయలు పెట్టుకుని అమ్మే వృద్ధురాలిని మీరందరూ ఎరుగుదురు. ఆమె వేళ్ళు సగం వరకే ఉంటాయి. ఆమె వ్యాధి నయమై ఎన్నో ఏండ్లయినదని మాకు తెలుసు. పైన వ్రాసిన విషయాలన్నీ మాకు తెలుసు. తరగతిలో సమరయుని ఉపమానం ఎన్నిమార్లు ఉదాహరించామో లెక్కలేదు. అయినను మేము ఆమె వద్ద కాయలు కొన్న ప్రతిసారి నాణేలను గంప అంచున ఉంచేవారము. ఆమె కూడా ఎవరూ చెప్పకుండానే కాయను కాగితం మీద పెట్టి ముందుకు జరిపేది. ఆ కాగితం ఎందుకని మేము ఒక్కనాడూ ఆలోచించలేదు. యెరికో దారిలో ప్రక్కగా తప్పుకుపోవడానికి కాగితం ముక్కంత ఎడం చాలునని మాకు తోచలేదు.

గత వర్షాకాలంలో ఒకనాడు మేము అక్కడ నిలిచి ఉండగా ఉర్దూ విభాగపు మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు వచ్చాడు. ఆమె అలవాటు ప్రకారం కాగితం కోసం వెదకింది. అది తడిసిపోయి ఉన్నది. అతడు అరచేయి చాపి, “కాగితం ఎందుకమ్మా, చేతికే ఇయ్యి” అన్నాడు. ఆమె క్షణకాలం సందేహించి, కాయను అతని అరచేతిలో ఉంచింది. అతడు చిల్లర ఆమె చేతిలోనే పెట్టి, ఆ చేతిని మూసి, “పైలం, పడిపోతయ్” అని చెప్పి వచ్చాడు. లోపలికి పోతూ మేము అతనిని ఆపి, “అలా ఎందుకు చేశావు నాయనా?” అని అడిగాము. అతనికి మా ప్రశ్న అర్థం కాలేదు. కాయ ధర అడుగుతున్నామనుకున్నాడు. “పది రూపాయలే సార్, మంచిగున్నయ్” అన్నాడు.

ఆనాటి నుండి మేము ఆ ఉపమానాన్ని తరగతిలో వేరు విధంగా చెబుతున్నాము. కథ వినేటప్పుడు మనలో ప్రతివాడూ తనను సమరయుని స్థానంలో ఉంచుకుంటాడు. మేము నిలిచినది యాజకుని స్థానంలో అని తెలియడానికి మాకు ఇన్ని సంవత్సరాలు పట్టింది. మాకు పాఠం చెప్పినవాడు మా మతంవాడు కాకపోవడం ఉపమానానికి తగినట్లే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ ఏదైనా మీకు గాని, మీ ఇంటివారికి గాని ఉంటే సిగ్గుపడక దగ్గరలోని ఆరోగ్యకేంద్రంలో చూపించండి. తొలిదశలోనే నయమైతే వేళ్ళకు ఏ హానీ కలుగదు. హృదయం మీద అట్టి మచ్చ ఉన్నదేమో ఎవరికి వారు పరీక్షించుకోవలసినదే.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ప్రహరీగోడను పొడిగించేటప్పుడు గేటు ముందున్న గంపలను, బండ్లను తొలగించాలన్న ఆలోచన ఉన్నదని విన్నాము. గోడ అవసరమే, రాకపోకలకు దారి అవసరమే. అయితే గోడలో మూడడుగుల చోటు వెనుకకు జరిపి కట్టి, పైన ఒక రేకు వేయిస్తే గంప నిలుస్తుంది, దారీ నిలుస్తుంది. దానికయ్యే వ్యయంలో మా వంతు రెండు దినాల వేతనం ఇచ్చుకుంటాము. సత్రం యజమానికి సమరయుడు ఇచ్చినది అంతే కదా! ఇంకేమైనా ఎక్కువైతే, తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తాము.